ప్రాణం... కుడి మణికట్టులో!

'ఇంటర్‌లో మంచి మార్కులొస్తే బండి కొనిపెడతానన్నావ్‌గా నాన్నా!'

మార్కులొచ్చాయి. కాలేజీలో సీటూ వచ్చింది. ఇక మిగిలింది బండే. నాన్న మనసులో ఉన్నది మైలేజీ బాగా ఇచ్చే వంద సీసీ బండి. కొడుకు ఫోన్లో చూపిస్తున్నది దూకడానికి సిద్ధంగా ఉన్న చిరుతలాంటి బండి. వంటింట్లోంచి అమ్మది ఒక్కటే మాట... 'వద్దురా, బస్సులో వెళ్లు!'

ఏటా కాలేజీలు తెరిచే రోజుల్లో తెలుగునాట ఎన్నో ఇళ్లలో నడిచే సన్నివేశం ఇది. ఇందులో ఎవరి మాటా తీసిపారేసేది కాదు. కొడుకు చెప్పే మజా నిజం. అమ్మ భయమూ నిజం. ఆ రెండూ ఉండేది మాత్రం ఒకేచోట... హ్యాండిల్ పట్టుకున్న కుడిచేతి మణికట్టులో!

ఆర్ఎక్స్ రోజుల నుంచీ...

ఈ మోజు ఇవాళ్టిది కాదు. ఇప్పుడు వద్దంటున్న నాన్నల్లో చాలామంది, ఒకప్పుడు ఆర్ఎక్స్ 100 శబ్దం వినపడగానే వీధిలోకి పరుగెత్తినవాళ్లే. 1985లో మన దేశంలోకి వచ్చిన ఆ యమహా బండి ఇంజిను 98 సీసీ. శక్తి 11 హార్స్‌పవర్. అంకెల్లో చిన్నదే కానీ బరువు కూడా వంద కిలోల చిల్లరే కావడంతో రేజ్ ఇవ్వగానే ఎగిరి దూకేది. 1996లో దాని తయారీ ఆగిపోయింది. మోజు మాత్రం ఆగలేదు.

దానికన్నా ముందే, 1983లో రాజ్‌దూత్ 350 వచ్చింది. రెండు సిలిండర్లు, దాదాపు 30 హార్స్‌పవర్. అది పెట్రోలు తాగే తీరు చూసి మధ్యతరగతి దూరం నుంచే దణ్ణం పెట్టింది. ఇక్కడో చిత్రం ఉంది. విదేశాల్లో ఆ మోడల్‌కు ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది. మన దగ్గర డ్రమ్ బ్రేకులే వేశారు. అంటే, పరుగెత్తే శక్తి వచ్చింది... ఆపే శక్తి వెనకబడింది. ఈ మాటను కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

2004లో 'ధూమ్' సినిమా వచ్చాక కుర్రకారుకు 'హయబుసా' పేరు మంత్రమైపోయింది. జపాన్ భాషలో అది వేటాడే డేగ జాతి పక్షి పేరు. 1999లో పుట్టిన ఆ సుజుకీ బండి వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటడంతో, ఈ పోటీ ఎక్కడికి పోతుందోనని బండ్ల తయారీ కంపెనీలే తమలో తాము ఒక అవగాహనకు వచ్చి 299 దగ్గర కళ్లెం వేసుకున్నాయి. ఇప్పటి హయబుసా 1340 సీసీ, దాదాపు 190 హార్స్‌పవర్. మనకు బాగా తెలిసిన మారుతీ 800 కారు శక్తి 37. అంటే, అయిదు కార్ల సత్తా రెండు చక్రాల మీద కూర్చుందన్నమాట!

అది లక్షలున్నవాళ్ల సంగతి అనుకుంటే పొరపాటే. 2013లో కేటీఎం 390 డ్యూక్ వచ్చినప్పుడు ధర 1.80 లక్షల రూపాయలు. శక్తి 43 హార్స్‌పవర్. ఒకనాటి రాజ్‌దూత్ 350ని మించిన గుర్రం నెలవారీ వాయిదాల్లో ఇంటి ముందుకొచ్చింది.

ఆ మజా ఏమిటంటే...

నడపనివాళ్లకు ఇదంతా 'కొవ్వు' అనిపిస్తుంది. నడిపేవాళ్లను అడిగితే వేరే కథ. కారులో మనం కూర్చుంటాం, అది వెళ్తుంది. బైకు మీద మన ఒళ్లే బండిలో భాగం. మలుపు రాగానే బండితోపాటు మనమూ ఒరగాలి. మంచి వేగంలో కుడివైపు తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు నెట్టాలి. వినడానికి తిరకాసుగా ఉన్నా అది భౌతిక శాస్త్రం. ఆ కిటుకు ఒంటికి పట్టిన రోజున అనంతగిరి కొండల మలుపులైనా, అరకు ఘాట్ రోడ్డయినా పాటలా సాగిపోతాయి. ఆదివారం తెల్లవారుజామున చల్లగాలి ఛాతీకి తగులుతుంటే నిన్నటి ఆఫీసూ గుర్తుకురాదు, రేపటి పరీక్షా గుర్తుకురాదు. ఆ క్షణం తప్ప ఇంకేమీ ఉండదు.

చిక్కంతా ఆ 'ఇంకేమీ ఉండదు' దగ్గరే. ఎదుట రోడ్డు ఉంటుంది. రోడ్డు మీద జనం ఉంటారు.

ఓ చిన్న లెక్క

రోడ్డుకు అడ్డంగా గేదె వచ్చింది. కన్ను చూసి, మెదడు గ్రహించి, చెయ్యి బ్రేకు నొక్కేసరికి సుమారు సెకనున్నర పడుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో ఉంటే ఆలోపే బండి 21 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ తర్వాత గట్టిగా బ్రేకు వేస్తే మరో 14 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 35.

వేగం 100 అయితే? 35కు రెట్టింపు 70 అనుకుంటాం. కాదు... దాదాపు 97 మీటర్లు! 200 అయితే 300 మీటర్ల పైమాటే. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక జారే దూరం నాలుగింతలవుతుంది. ఇదంతా పొడి రోడ్డు, మంచి టైర్లు, తడబడని చెయ్యి ఉన్నప్పటి లెక్క. ఇంకోలా చెప్పాలంటే, 100 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొట్టడమంటే పన్నెండంతస్తుల మేడ మీంచి దూకడంతో సమానం. ఏ తల్లయినా ఆ మేడ పిట్టగోడ ఎక్కనిస్తుందా?

దీనికి తోడు కన్ను కూడా మోసం చేస్తుంది. హైవే మీద అరగంటసేపు వేగంగా వెళ్లాక, 80 కూడా 40లా అనిపిస్తుంది. ఎదుటివాళ్లదీ అదే అవస్థ. బైకు చిన్నగా కనిపిస్తుంది కాబట్టి ఇంకా దూరంలోనే ఉందనుకుని ఆటోవాలా మలుపు తిప్పేస్తాడు. తప్పు అతనిదే కావచ్చు. దెబ్బ మాత్రం బైకు మీదున్నవాడికే.

కంగారులో చేసే పొరపాట్లు మరికొన్ని. గుంతను చూసి భయపడి దాన్నే చూస్తూ ఉంటే బండి సరిగ్గా అందులోకే వెళ్తుంది. చూపు ఎటో బండి అటే! ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే అయినా, 'పల్టీ కొడుతుంది' అన్న భయంతో చాలామంది వెనక బ్రేకే తొక్కుతారు. ఒరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకును ఒక్కసారిగా బిగించి పడేవాళ్లు ఇంకొందరు. ఒక్కో చక్రం రోడ్డును పట్టుకునేది అరచేయంత మేరే. దాని కింద గుప్పెడు ఇసుక చాలు.

రెండు సెప్టెంబర్లు

2011 సెప్టెంబరు 11. మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ కుమారుడు హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద వెయ్యి సీసీ బైకు నడుపుతూ పడిపోయాడు. వయసు పంతొమ్మిదేళ్లు. వెనక కూర్చున్న బంధువుల అబ్బాయి ఆరోజే కన్నుమూశాడు. అయిదు రోజుల తర్వాత ఆ కుర్రాడూ వెళ్లిపోయాడు.

సరిగ్గా పదేళ్లకు, 2021 సెప్టెంబరు 10 రాత్రి దుర్గం చెరువు తీగల వంతెన దాటాక హీరో సాయి ధరమ్ తేజ్ నడుపుతున్న స్పోర్ట్స్ బైకు రోడ్డు మీది ఇసుకలో జారింది. తలకు హెల్మెట్ ఉంది. వారాల తరబడి ఆస్పత్రిలో ఉన్నా, కోలుకుని 2023లో 'విరూపాక్ష'తో తెరపైకి వచ్చారు. అప్పట్నుంచీ అభిమానులకు ఆయన చెప్పే మాట ఒక్కటే... హెల్మెట్ పెట్టుకోండి!

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీదున్నవారే. హెల్మెట్ లేకుండా పోయినవారు 50 వేల పైచిలుకు. మంచి హెల్మెట్ ప్రాణాపాయాన్ని 42 శాతం, తలకు దెబ్బ తగిలే ప్రమాదాన్ని 69 శాతం తగ్గిస్తుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. మిగతాది? అది హెల్మెట్ చేతిలో లేదు. మణికట్టు చేతిలోనే ఉంది.

కొనే ముందు...

* పద్దెనిమిదేళ్లు నిండి, లైసెన్సు చేతికొచ్చాకే తాళం చెవి. మైనరుకు బండి ఇస్తే 2019 చట్ట సవరణ ప్రకారం తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

* మెట్టు మెట్టుగా ఎక్కాలి. 125 సీసీ మీద రెండేళ్లు చెయ్యి తిరిగాకే పెద్ద బండి గురించి ఆలోచించడం మేలు.

* సెకండ్‌హ్యాండ్ బండి అయితే ఏబీఎస్ ఉందో లేదో చూడండి. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా కాపాడేది అదే. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి.

* బండి ధరలోనే హెల్మెట్, గ్లవ్స్, జాకెట్, బూట్ల ఖర్చు కలుపుకోండి. ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ వద్దు. వెనక కూర్చునేవారికీ ఒకటి కావాలి.

* వేగం చూడాలన్న తహతహ ఉంటే దానికి తగిన చోటుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచీ రేస్ ట్రాక్ ఉంది. అక్కడ ఎదురుగా లారీ రాదు, అడ్డంగా గేదె రాదు. మన ఊళ్లో మాత్రం మోటార్‌సైకిల్‌కు గరిష్ఠ పరిమితి 60 కిలోమీటర్లే.

ఇంతకీ ఆ ఇంట్లో ఏం జరగాలి? 'వద్దు' అనేస్తే స్నేహితుడి బండి ఉండనే ఉంది. హెల్మెట్ లేకుండా, చెప్పాపెట్టకుండా ఎక్కుతాడు. అడిగిందల్లా కొనిచ్చేస్తే రాత్రి పదకొండు దాటాక గేటు చప్పుడు కోసం అమ్మ మేలుకునే ఉంటుంది.

మధ్యలో ఓ దారి ఉంది. ఆదివారం పొద్దున్నే ఏదైనా ఖాళీ మైదానానికి తండ్రీకొడుకులిద్దరూ వెళ్లండి. సున్నంతో ఓ గీత గీయండి. నలభై వేగంతో రమ్మని, గీత దగ్గర బ్రేకు వేయమనండి. ఎక్కడ ఆగాడో అడుగులతో కొలవండి. వారం వారం అలా చేయించండి. బండి ఎంత వేగం వెళ్తుందో షోరూంవాళ్లు చెబుతారు. ఎంత దూరంలో ఆపగలడో మాత్రం మీవాడే చూపించాలి. అది చూశాక, తాళం చెవి ఇవ్వాలా వద్దా అన్నది అమ్మనే నిర్ణయించమనండి!