పొగగొట్టపు అతుకు

ఇనుప కట్టెల పొయ్యి నెత్తినుండి ఇంటికప్పు వరకును సాగిపోవు రేకు గొట్టమున ఒక అతుకు వదులైనదనగానే, ఆ సందులోనుండి పొగ వెలువడి గది నిండునని ఎవరికైనను తోచును. జరుగునది సాధారణముగా దీనికి విపరీతము. నిప్పు చక్కగా రాజుకొన్నవేళ ఆ సందు చెంత ఒక అగరువత్తిని పట్టి చూచినచో, దాని సన్నని పొగతీగ గొట్టమువైపునకే వంగి, రేకుల నడుమ మాయమగును.

దీనికి కారణము గొట్టములోని ఈడ్పు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగగా, 200 డిగ్రీల వేడి పొగ ముప్పాతిక కిలో మాత్రమే తూగును. అయిదు మీటర్ల గొట్టమున ఈ తేడావలన పుట్టు పీడనభేదము, రెండు మిల్లీమీటర్ల నీటి ఎత్తునకు కొంచెము ఎక్కువ. పొయ్యి సంసారమంతయు ఈ స్వల్పబలము మీదనే నడచుచున్నది.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున పోతయినుప పలకలతో పొయ్యిని కల్పించి, 1744లో దానినిగూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రకటించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, వేడి వృథా కాకూడదని పొగను తిన్నగా మీదికి పోనీయక, ఒక బోలు పెట్టె వెనుకగా క్రిందికి దింపి, నేలక్రింది దారిన పొగగూటికి చేర్చెను. యోచన ఘనమైనదే, కాని క్రిందికి దిగుట పొగ స్వభావము కాదు గదా! పొగగూడు చల్లబడినప్పుడెల్ల ఆ పొయ్యి మొరాయించెడిది. గవర్నరు ఇవ్వజూపిన పేటెంటును ఫ్రాంక్లిన్ వలదనగా, లండనులో ఒక ఇనుప వర్తకుడు దానిని కొద్దిగా మార్చి, తన పేర పేటెంటు పొంది, సొమ్ము చేసికొనెనట. డేవిడ్ రిట్టెన్‌హౌస్ వంటి తరువాతివారు పొగను మీదికే పోనిచ్చిరి. పొయ్యి గోడను విడిచి గదిలోనికి వచ్చినకొలది రేకు గొట్టమును, దానితో అతుకును తప్పనివైనవి.

గొట్టపు ముక్కకు ఒక కొన సాదాగా నుండును; రెండవ కొనకు చీర కుచ్చిళ్లవలె ముడుతలుండును. పెంకుటిల్లు నేయువానికి ఈ పని అప్పగించినచో, వానను తలంచి, పై ముక్కను క్రింది ముక్క మీద తొడుగువలె దింపును. అది పొరపాటు. పై ముక్క కుచ్చిళ్ల కొన క్రింది ముక్క లోనికి దిగవలెను. ఏలయన ఇచ్చట జాగ్రత్తపడవలసిన వాన లోపలిది: పొగ సుమారు 120 డిగ్రీలకు దిగువకు చల్లారినచో అందలి ఆవిరులు తారువంటి నల్లని జిగురై గోడలవెంట కారును. కుచ్చిళ్లు లోనికున్నచో ఆ జిగురు తిరిగి నిప్పులోనే పడును. తలక్రిందులైనచో అతుకునుండి వెలుపలికి కారి, గొట్టముపై నల్లని చారలు దిద్దును.

వదులు అతుకు పీల్చిన గాలియే పొగను చల్లార్చి ఆ జిగురును పెంచును. అది ఒకనాడు అంటుకొన్నచో గొట్టములోని వేడి 1000 డిగ్రీలను మించవచ్చును. ఇక కట్టెలు కొరవులై ఈడ్పు చచ్చినవేళ, అదే సందునుండి వాసనలేని కార్బన్ మోనాక్సైడు గదిలోనికి దిగును. రక్తమునందలి హీమోగ్లోబిను ప్రాణవాయువుకంటె దీనిని 200 రెట్లకు పైబడిన మక్కువతో పట్టుకొనును.

అందుచేత డబ్బాలలో అమ్ము సిలికేటు లుకమును కొని, అతుకుచుట్టును వేలెడు మందమున పామువారు కలరు. నాకు ఈ పద్ధతి రుచింపదు. ఆ లుకము ఎండి రాయియగును. ఇనుము రాయి కాదు. రెండు మీటర్ల గొట్టము 250 డిగ్రీల మేర వేడెక్కినచో ఆరు మిల్లీమీటర్లు సాగును, చల్లారగనే ముడుచుకొనును. ఈ రాకపోకలకు రాయి పగిలి రాలుచుండును. 1953లో తన పొగలేని వంటిండ్ల పుస్తకమును వెలువరించిన హైదరాబాదు ఇంజనీరు ఎస్. పి. రాజు మట్టిపొయ్యికి ఈ చిక్కు లేదు. పగులు కనబడిననాడు పిడికెడు మట్టి మెత్తిన చాలును. రేకు గొట్టమున నిలుపుదల మూడు మరలది. లుకమునకు సందు పూడ్చుట ఒక్కటే పని. కుచ్చిళ్లను తీగకుంచెతో తోమి, పలుచగా పూసి, బిగించి, పొంగినదానిని తడిగుడ్డతో తుడిచి, తొలినాడు చిన్న మంటయే పెట్టవలెను. తొందరపడి పెద్ద మంట పెట్టినచో లుకములోని నీరు మరిగి బొబ్బలెక్కును.

ఏటేట శీతకాలమునకు ముందు గొట్టమును విప్పి, మసి దులుపక తప్పదు. అప్పుడు పలుచగా పూసినవాడు మూడు మరలు తీసి, కొంచెము మెలిపెట్టి, ముక్కలను విడదీసికొనును. వేలెడు మందమున మెత్తినవాడు సుత్తి కొరకు పోవును. తిరిగివచ్చి కొట్టగా లుకముతోబాటు కుచ్చిళ్లును చదునగును.