అందరికీ వస్తున్న సైట్ మీ లైనక్స్‌లో రావట్లేదా? ఈ ఫైల్ చూశారా!

ఫోన్‌లో ఓపెన్ అవుతున్న వెబ్‌సైట్ లైనక్స్ కంప్యూటర్‌లో మాత్రం మొరాయిస్తోందా? నెట్‌ను తిట్టుకునే ముందు ఈటీసీ ఫోల్డర్‌లోని హోస్ట్స్ ఫైల్ తెరవండి. సైట్ పేరుకు ఐపీ అడ్రస్ ఏదో సిస్టమ్ సాధారణంగా ముందు వెతికేది ఇక్కడే. లేకపోతేనే డీఎన్ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. ఎప్పుడో టెస్టింగ్ కోసం రాసి మరిచిపోయిన ఒక్క లైన్ చాలు.. సైట్ కొత్త సర్వర్‌కు మారినా మీ సిస్టమ్ పాత అడ్రస్‌కే పోతుంది. డిగ్ కమాండ్‌తో చూస్తే అంతా బాగానే కనిపించొచ్చు. అది ఈ ఫైల్‌ను పట్టించుకోదు మరి! గెటెంట్ హోస్ట్స్ అని కొట్టి పక్కన సైట్ పేరు ఇస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఇంకో ప్రమాదమూ ఉంది. రూట్ పర్మిషన్ దక్కించుకున్న మాల్‌వేర్ ఇక్కడే బ్యాంకు సైట్ పేరుకు నకిలీ అడ్రస్ రాసేయగలదు. అనుమానమున్న లైన్ ముందు హ్యాష్ గుర్తు పెడితే అది పనిచేయదు. 127.0.0.1 లోకల్‌హోస్ట్ లైన్‌ను మాత్రం ముట్టుకోవద్దు.