ఉబ్బసం ఉన్న బిడ్డకు వానలకు ముందే ఫ్లూ టీకా

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం కిటకిటలాడుతుంది. ఉబ్బసం పోతుందన్న ఆశతో చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడినుంచో వస్తారు. పిల్లల్ని చంకనేసుకుని వరసల్లో నిలబడే తల్లులూ ఎందరో. ఆ మందుతో ఉబ్బసం తగ్గుతుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. కానీ ఆ తల్లుల ఆరాటం నిజమైనది. వానలు పడితే బిడ్డకు ఆయాసం ముదురుతుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు. అందుకు పెద్ద కారణాల్లో జలుబు, ఫ్లూ వైరస్‌లు ఉన్నాయి. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు విజృంభిస్తుంది: వానాకాలంలో ఒకసారి, జనవరి - మార్చి మధ్య మరోసారి. బడులు తెరిచేది సరిగ్గా ఆ వానల ముందే.

ఉబ్బసం ఉన్న పిల్లలకు ఫ్లూ ఎక్కువసార్లు సోకుతుందని కాదు, సోకితే తట్టుకోవడం కష్టం. వాళ్ల శ్వాసనాళాల లోపలి పొర, పైకి బాగున్న రోజుల్లో కూడా, కాస్త వాచే ఉంటుంది. ఫ్లూ వైరస్ ఆ పొరలోని కణాల్లోనే చేరి వాటిని దెబ్బతీస్తుంది. వాపు పెరుగుతుంది, కఫం చేరుతుంది, నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. పిల్లల నాళాలు అసలే సన్నం. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే, లెక్క ప్రకారం, గాలికి ఎదురయ్యే నిరోధం 16 రెట్లు పెరుగుతుంది. మామూలు పిల్లవాడికి నాలుగు రోజుల జ్వరంగా పోయేది వీళ్లను ఆక్సిజన్ దాకా తీసుకెళ్లడం ఇందుకే. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు (దేశంలో తొలి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే) పలు దేశాల్లో ఆసుపత్రిపాలైన పిల్లల్లో ముందునుంచీ ఉన్న జబ్బుల్లో ఎక్కువగా కనిపించింది ఉబ్బసమే. అందుకే ‘మావాడికి కొంచెమేలెండి, ఎప్పుడో ఒకసారి పిల్లికూతలు వస్తాయంతే’ అని తీసిపారేయకూడదు.

టీకా ఆరు నెలలు నిండిన పిల్లలకు వేయవచ్చు. తొమ్మిదేళ్లలోపువాళ్లకు మొదటిసారైతే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు, ఆ తర్వాత ఏటా ఒకటి. వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. నిరుటి టీకా ఈ ఏటికి సరిపోదు. వేయించాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. రెండు డోసులు కావలసిన బిడ్డకైతే వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టాలన్నమాట. ఈ టీకా ఫ్లూను పూర్తిగా ఆపదు. వేయించినా జ్వరం రావచ్చు, కానీ పరిస్థితి విషమించే ప్రమాదం తగ్గుతుంది. ‘సూది వేయిస్తే ఫ్లూ వచ్చింది’ అంటుంటారు. సూదిమందులో ఉండేది చంపిన వైరస్ ముక్కలు, వాటితో ఫ్లూ రాదు. ముక్కులో కొట్టే టీకా వేరు. అందులో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది కాబట్టి ఉబ్బసం పిల్లలకు సూదే మేలు.

ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఫ్లూ టీకా లేదు, డబ్బు పెట్టి వేయించుకోవాలి. కనీసం ఉబ్బసం ఉన్న పిల్లలకైనా సర్కారు దవాఖానాల్లో ఉచితంగా వేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

టీకా ఎంత ముఖ్యమో, రోజూ వాడే పంపు (ఇన్‌హేలర్) అంతే ముఖ్యం. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటే: బిడ్డ బాగుందనగానే వాపు తగ్గించే ఇన్‌హేలర్ మానేయడం. అలవాటైపోతుందని, స్టెరాయిడ్ అని భయం. పీల్చే మందు రోజుకు 200 మైక్రోగ్రాములైతే అది మిల్లీగ్రాములో ఐదో వంతు. ఆయాసం ముదిరాక నోటి ద్వారా ఇచ్చే స్టెరాయిడ్ దానికి ఎన్నో రెట్లు. చిన్న మోతాదుకు భయపడి పెద్ద మోతాదు దాకా తెచ్చుకుంటున్నాం.

పంపును స్పేసర్‌తోనే (పంపుకు తగిలించే ఖాళీ గొట్టంతోనే) ఇవ్వాలి. పంపు బాగా ఊపి, స్పేసర్ మాస్కు ముక్కూ నోరూ కప్పేలా ఆనించి, ఒక్కసారి నొక్కి, బిడ్డ ఐదారుసార్లు ఊపిరి తీసుకునేదాకా ఆగాలి. రెండో పఫ్ ఆ తర్వాతే. స్టెరాయిడ్ పంపైతే చివర్లో నోరు పుక్కిలించాలి. స్పేసర్‌ను సబ్బు నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. తుడిస్తే స్థిరవిద్యుత్తు పుట్టి మందు గోడలకే అంటుకుపోతుంది.

ఇక ఫ్లూ రానే వస్తే రోజువారీ పంపు మానొద్దు. వెంటనే డాక్టరుకు చూపించండి. ఒసెల్టామివిర్ అనే మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. యాంటీబయాటిక్స్ వైరస్ మీద పనిచేయవు, ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే కూడదు. సాంబ్రాణి ధూపం, దోమల కాయిల్ బిడ్డ దగ్గరకు రానీయకండి.

ఒకటి నుంచి ఐదేళ్ల బిడ్డ నిమిషానికి 40 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, ఆయాసం వచ్చినప్పుడు వాడే ఉపశమనం పంపు కొట్టిన కాసేపటికే అది తిరిగొస్తున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డ నీరసపడుతుండగా పిల్లికూతలు ఆగిపోతే అది తగ్గడం కాదు, లోపలికి గాలే వెళ్లడం లేదని అర్థం.

ఈసారి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు రెండు అడగండి: ఈ ఏటి ఫ్లూ టీకా వచ్చిందా, ఆయాసం వస్తే ఏ పంపు ఎన్ని పఫ్‌లు కొట్టాలో కాగితం మీద రాసిస్తారా? ఆ కాగితం నకలు ఒకటి బడిలో టీచరుకు ఇవ్వండి.