పాత కారుకు ఊపిరాడాలి!

ఆదివారం పొద్దున్నే తాతగారి అంబాసిడర్‌ని కడిగి, తుడిచి ముచ్చటగా బయటకు తీశారు. నాలుగు వీధులు తిరిగొచ్చి ఇంటి ముందు ఆపితే... అరగంటలో కారు కింద నల్లటి ఆయిల్ మరక. నెల తిరక్కుండానే క్లచ్ జారడం మొదలు. షెడ్డుకి తీసుకెళితే ఒకటే మాట: 'రింగులు పోయాయి సార్, ఇంజిన్ దించి బోరు చేయించాలి.' గుండె గుభేలుమంటుంది.

ఆగండి. అంత ఖర్చుకు సిద్ధపడేముందు బానెట్ ఎత్తి ఓ చిన్న గొట్టం సంగతి చూడండి. మెకానిక్కులు దాన్ని బ్రీదర్ పైపు అంటారు. పేరుకు తగ్గట్టే ఇంజిన్‌కి ఊపిరి అదే!

ఎందుకీ గొట్టం?

సిలిండర్‌లో పెట్రోలు మండినప్పుడు పుట్టే ఒత్తిడి పిస్టన్‌ని కిందికి తోస్తుంది. పిస్టన్ చుట్టూ రింగులున్నా సరే, కొంత పొగ సందు చూసుకుని కింద ఉన్న క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. కొత్త ఇంజిన్‌లోనూ ఇది తప్పదు. ఆ పొగలో మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి ఉంటాయి. అది బయటికి పోకపోతే రెండు నష్టాలు. ఒకటి, ఇంజిన్ ఆయిల్ జిడ్డు బురదలా తయారవుతుంది. రెండు, లోపల ఒత్తిడి పెరిగి ప్యాకింగుల సందుల్లోంచి ఆయిల్ బయటికి తన్నుకొస్తుంది. ఉడుకుతున్న అన్నం గిన్నెకు మూత బిగిస్తే గంజి అంచుల వెంట పొంగినట్టన్నమాట.

1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్లకు ఈ బెడద మరీ ఎక్కువ. వాటి ఇంజిన్ బ్రిటన్‌లోని బీఎంసీ సంస్థ 'బి-సిరీస్' కుటుంబానిది. అందులో క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసన రబ్బరు సీలు ఉండదు. స్క్రూ మరలాంటి గాడి ఉంటుంది. షాఫ్ట్ తిరిగేటప్పుడు ఆ గాడే ఆయిల్‌ని లోపలికి లాగుతుంది. లోపల ఒత్తిడి లేనంతసేపే దాని ఆటలు. బ్రీదర్ పూడుకుపోయిందా... ఆయిల్ వెళ్లేది క్లచ్ దగ్గరికే!

ఏది ఎక్కడికి?

ఈ ఇంజిన్లలో పాత పద్ధతి సులువే. ఇంజిన్ నెత్తిన ఉండే రాకర్ కవర్ నుంచి ఒక గొట్టం ఎయిర్ క్లీనర్‌కి వెళుతుంది. పక్కన ట్యాపెట్ల మూత నుంచి మరో పైపు కిందికి దిగి, ఇంజిన్ అడుగున గాలిలోకి తెరుచుకుంటుంది. కారు పరుగెడుతుంటే కింద నుంచి వీచే గాలి ఆ పైపులోని పొగని లాగేస్తుంది. చిక్కల్లా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే. గాలి లేదు కాబట్టి లాగడమూ ఉండదు. పైగా ఆ పొగంతా ఊరి మీదికే. లాస్ఏంజెలిస్‌ను కమ్మేసిన పొగమంచుకు ఇదీ ఓ కారణమని తేలాక, 1961 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో, 1963 మోడల్ నుంచి అమెరికా అంతటా కార్లలో ఆ పొగని తిరిగి ఇంజిన్‌లోకే పంపి మండించే ఏర్పాటు వచ్చింది. అదే పీసీవీ వాల్వు.

బి-సిరీస్ కుటుంబానికే చెందిన ఎంజీబీ స్పోర్ట్స్ కారుకూ 1964లో ఇలాంటి వాల్వు వచ్చింది. ట్యాపెట్ల మూతకున్న డబ్బాలోని ఇనప జాలీ ఆయిల్ తుంపరల్ని ఆపుతుంది. మిగిలిన పొగ గొట్టంలోంచి వాల్వుకూ, అక్కణ్నుంచి ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కూ చేరుతుంది. బదులుగా కొత్త గాలి ఆయిల్ పోసే మూతలోని ఫిల్టర్ గుండా లోపలికొస్తుంది. అందుకే ఆ మూత పోతే చేతికందినదేదో పెట్టేయకూడదు. అది కూడా ఊపిరి దారే.

ఈ తప్పులు చేయొద్దు

* పొగ వస్తోందని గొట్టం చివర గుడ్డ కుక్కడం, బోల్టుతో మూసేయడం. ఆయిల్ కారడానికి అదే తొలి మెట్టు.

* వాల్వు లేకుండా రాకర్ కవర్ గొట్టాన్ని నేరుగా మానిఫోల్డ్‌కి తగిలించడం. మానిఫోల్డ్ లాగుడుకు అదుపుండదు. ఇంజిన్ నిలకడగా తిరగదు. ఆయిల్ కూడా లాక్కుని నీలం పొగ వదులుతుంది.

* చవగ్గా దొరికిందని రేడియేటర్ నీళ్ల గొట్టం ముక్క వేయడం. ఆయిల్ తగిలితే అలాంటి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఆయిల్‌ను తట్టుకునే నైట్రైల్ రబ్బరు గొట్టమే అడిగి తీసుకోవాలి.

* గొట్టం మధ్యలో ఉయ్యాలలా వేలాడటం. పల్లంలో నీరూ ఆయిలూ నిలిచి దారి మూసేస్తాయి. పైకెళ్లే గొట్టం ఇంజిన్ నుంచి ఎత్తుకే సాగాలి. అప్పుడే లోపల చేరిన ఆయిల్ వెనక్కి జారుతుంది.

* మలుపులో మడత పడటం, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి ఆనుకోవడం. ఈ ఇంజిన్‌లో ట్యాపెట్ల మూతలూ ఎగ్జాస్టూ ఒకే వైపు ఉంటాయి కాబట్టి మరింత జాగ్రత్త అవసరం.

కాగితంతో పరీక్ష

ఇంజిన్ చల్లారాక గొట్టాలన్నీ విప్పి ఊది చూడండి. గాలి అడ్డు లేకుండా పోవాలి. జాలీని కిరసనాయిల్‌తో కడిగి బాగా ఆరబెట్టండి. పీసీవీ ఉన్న కారైతే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిల్ మూత తీసి, పోసే రంధ్రం మీద చిన్న అట్టముక్క పెట్టండి. ఫ్యాన్‌కి మాత్రం చేతులు దూరంగా ఉంచండి. అట్ట లోపలికి అంటుకుంటే ఊపిరి సవ్యంగా ఉన్నట్టే. ఎగిరిపోతుంటే గొట్టమో వాల్వో పూడుకుపోయి ఉండాలి.

అన్నీ శుభ్రం చేశాక కూడా పొగ భుసభుసమంటూ ఉంటే రింగుల్ని అనుమానించాల్సిందే. అప్పుడు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. బోరు మాట ఆ తర్వాతే.

అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్నవాటిని కాపాడుకోవడమే మన చేతుల్లో ఉంది. ఈసారి ఇంటి ముందు ఆయిల్ మరక కనిపిస్తే కంగారుపడకండి. తాతగారి కారుకు ముసలితనం ముంచుకొచ్చి ఉండకపోవచ్చు... ఊపిరాడక ఉక్కిరిబిక్కిరవుతోందేమో చూడండి!