యంత్రం కుదిర్చిన బేరానికి కట్టుబడాలా?

సరుకు గోదాముకు చేరినట్లు నమోదు కాగానే సొమ్ము దానంతటదే అమ్మకందారు ఖాతాకు జమ అయ్యేలా కంప్యూటర్ కోడులో రాసుకునే ఒప్పందాన్ని స్మార్ట్ కాంట్రాక్టు అంటున్నారు. బకాయిల బెడద వుండదు గనుక వర్తకులకు ఇది నచ్చే పద్ధతే. అయితే లెక్క తప్పి బేరం కుదిరితే నష్టం ఎవరు భరించాలి?

ఈ విషయంలో సింగపూరు కోర్టుల్లో నడిచిన ఒక వ్యాజ్యం వ్యాపారులు తెలుసుకోదగినది. 2017 ఏప్రిల్ 19న క్వాయిన్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజిలో సాంకేతిక లోపం వల్ల బయటి ధరలు అందడం ఆగిపోయింది. ఆర్డర్లు పలచబడ్డాయి. ధరలు అందనప్పుడు వాడేందుకు బీ2సీ2 అనే సంస్థ తన ప్రోగ్రాములో ముందే ఒక రేటు పెట్టి వుంచింది. ఒక ఈథర్‌కు 10 బిట్‌కాయిన్లు! మార్కెట్ రేటుకు ఇది దాదాపు 250 రెట్లు. మార్జిను చాలని ఖాతాల తరఫున ఎక్స్ఛేంజి యంత్రమే ఆ రేటుకు కొనివేసింది. సుమారు 309 ఈథర్లకు 3,092 బిట్‌కాయిన్లు పలికాయి. మర్నాడు ఎక్స్ఛేంజి ఆ బేరాలను రద్దు చేసింది.

ఈ రద్దు ఒప్పంద భంగమేనని 2019లో తీర్పు వచ్చింది. బిట్‌కాయిన్లే ఇమ్మనక, నష్టపరిహారం లెక్కకట్టాలన్నారు. 2020లో అప్పీలు కోర్టులో నలుగురు న్యాయమూర్తులు దీనిని సమర్థించగా ఒకరు విభేదించారు. యంత్రానికి మనసు వుండదు గనుక, ప్రోగ్రాము రాసిన వ్యక్తికి రాసేనాటికి ఏమి తెలుసునన్నదే కోర్టు చూసింది.

అయితే ఇక్కడ గెలిచింది కోడు కాదు. పూర్తయిన బేరం వెనక్కు పోదని ఎక్స్ఛేంజి నిబంధనల్లో మాటల్లో రాసుకున్న షరతు.

మన దేశంలో, ఎలక్ట్రానిక్ రూపంలో వున్నదన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 10ఎ చెబుతున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ముఖ్యమైన వాస్తవం విషయంలో ఇరుపక్షాలూ పొరబడితే ఒప్పందం చెల్లదు. ఒక్కరే పొరబడితే, కేవలం ఆ కారణంతో తప్పించుకోజాలరు. ఈ తేడా కోడుకు తెలియదు. కాటా బరువే చూపుతుంది. బస్తాలో మంచి కాయ వున్నదో, తాలు వున్నదో చెప్పదు.

కనుక కోడును బేరానికి సాక్ష్యంగా, చెల్లింపు సాధనంగా గుర్తించడం సబబే. దానినే పూర్తి ఒప్పందమనుకోవడం ప్రమాదం. కోడుకూ కాగితానికీ తేడా వస్తే ఏది చెల్లుతుంది, ఏ రేటు దాటితే బేరం ఆగాలి, తగవు ఎవరు తీర్చాలి అన్న మూడు షరతులూ ముందే రాసుకుని సంతకాలు చేయించుకోవడం వర్తకులకు క్షేమం.