ప్రేమ విఫలమైతే మెదడులో ఏం జరుగుతుంది?

"కుర్రతనం! నాలుగు రోజులైతే అదే సర్దుకుంటుంది" అని పెద్దలు తేలిగ్గా అనేస్తుంటారు. కానీ ప్రేమించిన వ్యక్తి కాదన్నప్పుడు కలిగే బాధ నటన కాదు, మొండితనమూ కాదు. దానికి మెదడులోనే కారణం ఉంది.

మెదడు కింది భాగంలో వి.టి.ఎ. అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. ఇక్కడ తయారయ్యే డోపమైన్ అనే రసాయనం 'ఇది నాకు కావాలి' అనే తపనను పుట్టిస్తుంది. ఆకలి వేసినప్పుడు మనల్ని అన్నం వైపు నడిపించేదీ ఈ వ్యవస్థే. 2005లో అమెరికాలో హెలెన్ ఫిషర్, ఆర్థర్ ఏరన్, లూసీ బ్రౌన్‌ల బృందం గాఢమైన ప్రేమలో ఉన్న 17 మందికి, వారు ప్రేమించినవారి ఫోటో చూపిస్తూ ఎం.ఆర్.ఐ. స్కానింగ్ చేసింది. ఫోటో చూడగానే ఈ భాగం చురుగ్గా పనిచేసింది.

2010లో ఇదే శాస్త్రవేత్తలు ప్రేమలో తిరస్కారానికి గురైన 15 మందిని పరీక్షించారు. మనిషి దూరమైనా తపన ఆగలేదు. కొకైన్‌కు బానిసలైనవారిలో మత్తు కోసం ఆరాటపడే భాగాలే వీరిలోనూ పనిచేస్తూ కనిపించాయి. అందుకే "మరచిపో" అన్నంత మాత్రాన మరచిపోలేరు.

అయితే ఇందులో ఒక ఊరట ఉంది. విడిపోయి ఎక్కువ రోజులైనవారిలో, అనుబంధానికి సంబంధించిన ఒక భాగం చురుకుదనం తక్కువగా కనిపించింది. కాలం గాయాన్ని మాన్పుతుందని పెద్దలనే మాట ఉత్తది కాదు.

బాధలో ఉన్నవారు ఏం చేయాలి?
* ఫోటోలు, మెసేజ్‌లు కంటికి కనబడకుండా తీసివేయండి. తాగుడు మానాలనుకునేవారి ముందు సీసా పెట్టం కదా!
* వేళకు తినండి, నిద్రపోండి. రోజూ కాసేపు నడవండి.
* నమ్మకమైన ఒకరితో మనసు విప్పి మాట్లాడండి.

తల్లిదండ్రులు ఏం చేయాలి?
* ఎగతాళి చేయవద్దు, తిట్టవద్దు. పక్కన కూర్చుని వినండి.
* రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, చదువు దారిలో పడకపోతే డాక్టరుకు చూపించండి.
* "చచ్చిపోతాను" అంటే ఉత్త బెదిరింపు అనుకోవద్దు. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి. పురుగుమందు, మాత్రలు అందకుండా దాచండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

జ్వరం వచ్చిన బిడ్డ పక్కన రాత్రంతా మేలుకుని కూర్చుంటాం. మనసు విరిగిన బిడ్డకూ ఆ తోడే కావాలి.