మహిళల భద్రతకు ఏఐ, యాప్‌లు: రక్షణ ఎక్కడ ఆగుతుంది, నిఘా ఎక్కడ మొదలవుతుంది?

రాత్రి పదిన్నరకు ఆఫీసు నుంచి క్యాబ్‌లో బయలుదేరిన మహిళ లొకేషన్ పోలీసులకు తెలిస్తే అది రక్షణ. ఇంటికి చేరాక కూడా అది ఎవరికో తెలుస్తూనే ఉంటే నిఘా. రెండింటికీ వాడేది ఒకే టెక్నాలజీ. మరి తేడా ఎలా గుర్తించాలి?

ఆమె అడిగిందా, అడక్కుండానే చేశారా?

తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో 'టీ-సేఫ్' సేవను ప్రారంభించారు. మహిళ కోరితే ఆమె ప్రయాణాన్ని గమ్యం చేరేదాకా గమనిస్తారు. మొదలుపెట్టేది ఆమే.

లక్నోలో కథ వేరు. మహిళల ముఖకవళికలను బట్టి ఆపదను పసిగట్టే ఏఐ కెమెరాలు పెడతామని 2021 జనవరిలో అక్కడి పోలీసులు ప్రకటించారు. దీనిపై విమర్శలు వచ్చాయి. ముఖం చిట్లించిన మహిళకు తలనొప్పి కావచ్చు, ఫోన్లో ఎవరితోనో వాదన కావచ్చు. అది భయమేనని యంత్రం ఎలా తేలుస్తుంది? పైగా ఆ దారిన వెళ్లేవారిని ఎవరూ అనుమతి అడగరు. వేధించేవాడి మీద ఉండాల్సిన చూపు మహిళల మీదే పడుతుంది.

చట్టం ఏమంటోంది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ఉద్దేశం ఉండాలి, అవసరానికి మించకూడదు. డేటా సేకరణకు సమ్మతి ఎంత సులువుగా ఇస్తామో, అంతే సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. అయితే శాంతిభద్రతల వంటి కారణాలతో కొన్ని ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారమూ అందులోనే కేంద్రానికి ఉంది. అసలు చర్చంతా ఈ మినహాయింపు గురించే.

ఇంట్లోవాళ్లు చూస్తే?

'నీ భద్రత కోసమే' అంటూ భర్తో, అన్నో లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచమంటే, ఆపే స్వేచ్ఛ ఆమెకు లేకపోతే అదీ నిఘానే.

మీరేం చేయొచ్చు?

• యాప్‌కు లొకేషన్ అనుమతిని 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని మార్చుకోండి.
• లొకేషన్ షేర్ చేసేటప్పుడు గంట, రెండు గంటలని గడువు పెట్టండి.
• ఏ డేటా తీసుకుంటున్నారు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎలా తొలగించాలి? ఏ భద్రతా యాప్‌నైనా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

ఆపదలో ఉంటే మాత్రం ఇవేవీ ఆలోచించొద్దు. వెంటనే 112కు ఫోన్ చేయండి. లెక్కలు తర్వాత అడగొచ్చు. అడిగే హక్కు మీకుంది.